చేతికి కబురు చెప్పే చక్రం

పిల్లలూ!

కిందటి నెల మనం ప్రెషరు కుక్కరు ఈల ఎందుకు వేస్తుందో తెలుసుకున్నాం. ఈ నెల ఒక ఆటవస్తువును గురించి చెబుతాను. ఆటవస్తువే అయినా దీని వెనక ఉన్న శాస్త్రం మాత్రం ఆట కాదు. దీనికయ్యే డబ్బు అసలే ఆట కాదు. కనక ఈ పేజీని మీరు చదివాక మీ అమ్మచేతా నాన్నచేతా కూడా చదివించండి.

మా అక్కయ్య కొడుకు విజయవాడలో తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. వాడికి కంప్యూటరు మీద కారు పందేలు ఆడటమంటే ప్రాణం. ఇంతకాలమూ మీటలు నొక్కి కారు నడిపాడు. మీటకు తెలిసినవి రెండే పనులు, నొక్కుకోవటమూ, పైకి లేవటమూ. కారును “ఒక్క రవ్వ” తిప్పటం దానికి చేతకాదు. అందుచేత వాడు స్టీరింగు చక్రం కొనుక్కోవాలని, సంక్రాంతికీ దసరాకూ పెద్దవాళ్ళు ఇచ్చిన డబ్బును రెండేళ్ళుగా ఒక బిస్కట్ల డబ్బాలో దాస్తూ వచ్చాడు.

మొన్న వేసవిలో వాడు నాకు ఫోను చేశాడు.

“మామయ్యా, రెండు రకాల చక్రాలున్నాయి. ఒకటి నా డబ్బుకు సరిగ్గా వస్తుంది. దాని పెట్టెమీద వైబ్రేషన్ ఫీడ్‌బ్యాక్ అని ఉన్నది. రెండోదానికి ఇంచుమించు మూడురెట్లు కావాలి. దానిమీద ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అని ఉన్నది. రెండూ ఒకటేనా?” అని అడిగాడు.

వెనకనుంచి మా బావగారి గొంతు వినిపించింది: “రెండూ గుండ్రంగానే ఉన్నాయిగా! తిరిగే చక్రానికి అంత డబ్బెందుకు?”

మా బావగారు ఆర్టీసీ బస్సు డ్రైవరు. ఇరవైరెండేళ్ళుగా చక్రం పట్టిన మనిషి. ఆయన మాటను తేలికగా తీసేయటానికి లేదు. అందుకని, “నేను వచ్చేదాకా డబ్బా మూత తియ్యకు,” అని మేనల్లుడికి చెప్పి, ఆదివారంనాడు విజయవాడ వెళ్ళాను.

మేము చేసిన పరీక్షలు మీకు అర్థం కావాలంటే ముందు ఒక చిన్న సంగతి తెలియాలి.

సైకిలు చెప్పే పాఠం

మీ ఇంట్లో సైకిలు ఉంటే ఈ పని చేసి చూడండి. హాండిలును ముట్టుకోకుండా, సీటు ఒక్కటే పట్టుకుని సైకిలును మెల్లిగా ముందుకు తొయ్యండి. ముందు చక్రం బుద్ధిమంతుడిలాగా తిన్నగా పోతుంది. ఇప్పుడు సీటు పట్టుకునే సైకిలును వెనక్కు లాగండి. హాండిలు గిరుక్కున పక్కకు తిరిగిపోతుంది!

ఎందుచేత? సైకిలు ముందు ఫోర్కు నిలువుగా ఉండదు, ఏటవాలుగా ఉంటుంది. హాండిలు తిరిగే ఇరుసు వెంట నేలదాకా ఒక గీత గీసినట్టు ఊహించుకోండి. ఆ గీత నేలను తాకే చోటుకన్న టైరు నేలను తాకే చోటు కాస్త వెనక ఉంటుంది. ముందుకు పోయేటప్పుడు టైరు ఆ గీతవెంట ఈడ్చుకుంటూ వస్తుంది. దారం కట్టిన బొమ్మబండి మన వెనకే తిన్నగా వచ్చినట్టన్నమాట. వెనక్కు లాగితే వ్యవహారం తలకిందులవుతుంది.

కారు ముందు చక్రాలకు కూడా ఈ ఏర్పాటే ఉన్నది. దీనికి తోడు టైరులోని రబ్బరు కూడా సాయం చేస్తుంది. మలుపులో టైరు తిరిగినప్పుడు రోడ్డును పట్టుకున్న రబ్బరు మెలిపడుతుంది. ఆ మెలిక టైరు అడుగున వెనకభాగంలో ఎక్కువగా ఉంటుంది. అందువల్ల రోడ్డు టైరును నెట్టే బలం నడిమధ్య కాక, కాస్త వెనగ్గా పనిచేసి, చక్రాన్ని మళ్ళీ తిన్నగా తిప్పటానికి చూస్తుంది. మలుపులో స్టీరింగు బిగువుగా ఉండటానికీ, మలుపు దాటి పట్టు వదులు చెయ్యగానే స్టీరింగు తనంతట తానే వెనక్కు రావటానికీ కారణం ఇదే.

అసలు చమత్కారం ఇక్కడే ఉన్నది. మలుపులో వేగం మరీ ఎక్కువైతే టైరు జారటం మొదలుపెడుతుంది. మొదట జారేది ఆ వెనకభాగపు రబ్బరే. అది జారగానే వెనక్కు తిప్పే బలం తగ్గిపోతుంది. అంటే, ముందు టైర్లు పూర్తిగా పట్టు తప్పటానికి కొంచెం ముందే డ్రైవరు చేతిలోని స్టీరింగు తేలిక పడుతుంది. కంటికి ఏమీ కనిపించక ముందే రోడ్డు అతని చేతికి, “జాగ్రత్త!” అని కబురు పంపుతుందన్నమాట.

ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటే ఈ కబురును ఆట ఆడేవాడి చేతికి అందించటమే.

గోడ అవతలి చెయ్యి

లేని వస్తువును తాకినట్టు చేతికి తెలియజెయ్యటం ఆటలకోసం పుట్టిన విద్య కాదు. అమెరికాలో చికాగో దగ్గర ఆర్గాన్ ప్రయోగశాల ఉన్నది. అక్కడ రేడియోధార్మిక పదార్థాలతో పని. వాటిని చేత్తో ముట్టుకోరాదు. అందుచేత మందమైన గోడకు ఇవతల మనిషి చెయ్యి కదిపితే అవతల ఇనపచెయ్యి కదిలే ఏర్పాటు చేశారు. కాని, ఇనపచెయ్యి గాజుపాత్రను ఎంత గట్టిగా పట్టుకున్నదో మనిషికి తెలియకపోతే పాత్ర పగిలిపోదూ? రేమండ్ గోర్జ్ అనే ఇంజనీరు 1954 నాటికి విద్యుత్తుతో నడిచే ఇనపచేతులను తయారుచేశాడు. అవతలి చేతికి తగిలిన బలాన్ని మోటార్లు ఇవతలి చేతికి తెలియజేసేవి.

1989లో అటారీ గేమ్స్ కంపెనీ ఈ విద్యను “హార్డ్ డ్రైవిన్” అనే ఆటలో వాడింది. డబ్బులు వేసి ఆడే ఆటశాలలలో ఉండే పెద్ద యంత్రం అది. 1998లో మైక్రోసాఫ్ట్ కంపెనీ ఇళ్ళలో వాడుకునే సైడ్‌వైండర్ చక్రాన్ని అమ్మకానికి పెట్టింది. ఆ తరవాత ఇటువంటివి ఎన్నో వచ్చాయి.

ఇది పనిచేసే తీరు చూడండి. మీరు చక్రం ఎంత తిప్పారో ఒక పరికరం కొలిచి కంప్యూటరుకు చెబుతుంది. ఆటలోని కారు టైర్లకు ఎంత బలం తగులుతున్నదో కంప్యూటరు లెక్క కడుతుంది. ఆ జవాబు చక్రంలో ఉన్న మోటారుకు పోతుంది. మోటారు మీ చేతిని ఆ మేరకు లాగుతుంది. ఈ రాకపోకలు సెకనుకు ఎన్నో పదులసార్లు, కొన్ని ఆటలలో వందలసార్లు, జరుగుతాయి.

మరి వైబ్రేషన్ చక్రంలో ఏముంటుంది? సాధారణంగా చక్రాన్ని మధ్యకు లాగే స్ప్రింగో, రబ్బరు పట్టీయో ఉంటుంది. సెల్‌ఫోనులో ఉన్నట్టు వణికించే చిన్న మోటారు ఒకటి ఉంటుంది. అంతే.

మోటారు బలం చేతికి వచ్చే దారులు

చవక చక్రాలలో మోటారు చిన్నది. దాని బలాన్ని పెంచి చేతికి అందించటానికి దారులున్నాయి.

మొదటిది పళ్ళచక్రాల దారి. 2015లో వచ్చిన లాజిటెక్ జి29 ఈ రకానిది. పళ్ళచక్రాలు గట్టివి, చాలాకాలం మన్నుతాయి. కాని, పంటికీ పంటికీ మధ్య రవ్వంత ఖాళీ ఉంటే ఆ మేరకు చక్రం ఊగులాడుతుంది. చప్పుడు కూడా వస్తుంది.

రెండోది బెల్టు దారి. కుట్టుమిషను చక్రాన్నీ తొక్కుడుబల్లనూ కలిపే బెల్టు మీరు చూసే ఉంటారు. బెల్టు మెత్తగా లాగుతుంది, చప్పుడు తక్కువ. కాని, చిన్న చిన్న కుదుపులు అందులో కాస్త అణిగిపోతాయి. 2015లోనే వచ్చిన థ్రస్ట్‌మాస్టర్ టి150లో బెల్టూ పళ్ళచక్రాలూ రెండూ ఉన్నాయి.

మూడోదానిలో మధ్యవర్తులే లేరు. ఫాను రెక్కలు మోటారు ఇరుసుకే బిగించినట్టు, స్టీరింగును మోటారుకే బిగిస్తారు. దీన్ని డైరెక్ట్ డ్రైవ్ అంటారు. కబురు స్పష్టంగా చేరుతుంది. 2021లో వచ్చిన ఫానటెక్ సి.ఎస్.ఎల్. డి.డి. ఇటువంటిది. ఖరీదు ఎక్కువ.

చక్రాల బలాన్ని న్యూటన్ మీటర్లలో చెబుతారు. జి29 బలం ఇంచుమించు 2 న్యూటన్ మీటర్లు. ఫానటెక్ చక్రానిది 5. ఈ అంకెలకు భయపడకండి. స్టీరింగు నడిబొడ్డునుంచి అంచుకు 14 సెంటీమీటర్లు ఉన్నదనుకోండి. 2 న్యూటన్ మీటర్లంటే ఆ అంచుకు కిలోన్నర బియ్యం సంచీ వేలాడదీసినట్టు. 5 అంటే మూడున్నర కిలోల సంచీ అన్నమాట. ఇంతకన్న చాలా బలమైన చక్రాలు కూడా ఉన్నాయి. చక్రం హఠాత్తుగా తిరిగితే వేళ్ళు బెణుకుతాయి కనక, వాటి ఆకులమధ్య బొటనవేళ్ళు దూర్చరాదు.

మేము చేసిన పరీక్షలు

మా మేనల్లుడి స్నేహితుడి దగ్గర వైబ్రేషన్ చక్రం ఉన్నది. నా స్నేహితుడొకరు పళ్ళచక్రాలతో పనిచేసే చవకరకం ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ చక్రాన్ని ఒక పూటకు ఎరువిచ్చాడు. రెంటినీ బల్లమీద పెట్టాం. కంపెనీల పేర్లు చెప్పను. ఈ పరీక్షలు ఏ చక్రానికైనా పనికివస్తాయి.

మొదటి పరీక్ష: తీగలు చూడటం. కంప్యూటరు యు.ఎస్.బి. రంధ్రం మామూలుగా ఇచ్చే విద్యుత్తు రెండున్నర వాట్లు. అంతమాత్రంతో చేతిని గట్టిగా లాగే మోటారు తిరగదు. నిజమైన ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ చక్రానికి గోడ ప్లగ్గులో పెట్టే అడాప్టరో, కరెంటు తీగో వేరే ఉంటుంది. ఆ రెండూ లేని చక్రం పెట్టెమీద ఎంత గొప్ప మాటలున్నా ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

రెండో పరీక్ష: ఎంతదూరం తిరుగుతుంది? వైబ్రేషన్ చక్రం ఈ కొసనుంచి ఆ కొసకు 270 డిగ్రీలు, అంటే ముప్పాతిక చుట్టు తిరిగింది. రెండోది 900 డిగ్రీలు, రెండున్నర చుట్లు తిరిగింది. మామూలు కారు స్టీరింగు తిరిగేది ఇంచుమించు ఇంతే, లేదా ఇంకొంచెం ఎక్కువ.

మూడో పరీక్ష: ఊగులాట. చక్రం నడిమధ్య ఉండగా అటూ ఇటూ మెల్లిగా కదిపాం. ఎరువు తెచ్చిన చక్రంలో వెంట్రుకవాసి వదులు ఉన్నది. గతుకుల రోడ్డుమీద లోపలి పళ్ళు టకటకమన్నాయి. “అర్ధరాత్రి ఆడితే ఇల్లంతా లేస్తుంది,” అన్నది మా అక్కయ్య. ఇది కూడా లెక్కలోకి తీసుకోవలసిన సంగతే.

నాలుగో పరీక్ష: గొంతు చించుకోవటం. జాతరలో మైకు శబ్దం మరీ పెంచితే ఏమవుతుంది? అంతా గోలగా వినిపిస్తుందేగాని ఒక్క మాట తెలియదు. చిన్న మోటారు కూడా అంతే. ఆటలో బలాన్ని నూటికి నూరు పెట్టి పెద్ద మలుపు తిరిగితే, మలుపు బిగువుకే మోటారు శక్తి అంతా అయిపోయింది. ఆ మలుపులోనే చక్రం రోడ్డు అంచు గట్టు ఎక్కితే ఆ కుదుపు చేతికి తెలియనే లేదు. బలాన్ని అరవైకి తగ్గించాం. చక్రం కాస్త తేలికయింది, కాని గట్టు ఎక్కినప్పుడల్లా తెలిసింది. చవక చక్రం కొన్నవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. బలం తగ్గిస్తే కబురు పెరుగుతుంది.

అయిదోది కళ్ళగంతల పరీక్ష. అసలైనది ఇదే. ఆటలో విశాలమైన ఖాళీస్థలం ఉన్నది. మా మేనల్లుడి కళ్ళకు తువ్వాలు కట్టి, ఆట చప్పుడు ఆపేసి, కారును గుండ్రంగా తిప్పుతూ మెల్లిగా వేగం పెంచమన్నాం. ముందు టైర్లు జారుతున్నాయని చేతికి తెలియగానే, “ఇదుగో!” అని అరవాలి. స్నేహితుడు తెరమీద చూసి చెబుతాడు.

వైబ్రేషన్ చక్రంతో పదిసార్లు చేస్తే రెండుసార్లు సరిపోయింది. మిగిలిన ఎనిమిదిసార్లూ వణుకు వచ్చేసరికే కారు ఎటో జారిపోయింది. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ చక్రంతో మొదటి మూడుసార్లు వాడికి ఏమీ తెలియలేదు. నాలుగోసారినుంచి చెయ్యి నేర్చుకున్నది. మిగిలిన ఏడింటిలో ఆరు సరిగా చెప్పాడు.

తేడా ఎందుకు వచ్చిందో ఆలోచించండి. స్ప్రింగు గుణమేమిటి? ఎంత తిప్పితే అంత బిగుస్తుంది. టైరు గుణం అలా కాదు, జారబోయే ముందు వదులవుతుంది. అంటే, కారు పట్టు తప్పుతున్న సమయంలో స్ప్రింగు చక్రం, “ఏమీ ఫరవాలేదు,” అని చేతికి అబద్ధం చెబుతున్నదన్నమాట!

బావగారి చెయ్యి

ఇంతసేపూ మా బావగారు కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. “మీరూ ఒకసారి పట్టి చూడండి, బావగారూ!” అన్నాను.

“నాకెందుకోయ్ బావా, ఈ పిల్లల ఆటలు?” అంటూనే ఆయన లేచి వచ్చి వైబ్రేషన్ చక్రం పట్టుకున్నారు. నిమిషం తిరగకుండానే, “దీనికి చలిజ్వరం వచ్చింది. వణుకుతున్నదేగాని ఎందుకు వణుకుతున్నదో చెప్పటంలేదు,” అని వదిలేశారు.

రెండో చక్రం పట్టుకుని తువ్వాలు కట్టించుకున్నారు. కారు తిరగసాగింది. ఉన్నట్టుండి ఆయన, “ముందు టైర్లు వదిలేశాయి,” అంటూ పెడలుమీది కాలు మెల్లిగా వెనక్కు తీశారు. తెరమీద జారబోయిన కారు నిలదొక్కుకున్నది. మళ్ళీ చేశారు. మళ్ళీ సరిపోయింది.

మా మేనల్లుడు తెల్లబోయి, “నాన్నా, ఈ ఆట నువ్వెప్పుడు నేర్చుకున్నావు?” అని అడిగాడు.

ఆయన తువ్వాలు తీసి కాసేపు మాట్లాడలేదు. తరవాత చెప్పారు:

“నువ్వు పుట్టిన ఏడు, హైదరాబాదునుంచి రాత్రిబస్సు తెస్తున్నాను. నందిగామ ఇవతల తొలకరి జల్లు పడింది. వేసవి అంతా రోడ్డుమీద పేరుకున్న నూనె, దుమ్ము ఆ మొదటి వానకు జిడ్డులాగా అవుతుంది. ఒక మలుపులో స్టీరింగు ఇలాగే తేలికయింది. బ్రేకు తొక్కితే బండి అడ్డం తిరుగుతుంది. కాలు మెల్లిగా తీసి, చక్రం ఒక్క రవ్వ తిన్నగా చేశాను. వెనక నలభైమంది నిద్రపోతున్నారు. ఒక్కరు కూడా లేవలేదు.”

ఈ సంగతి మా అక్కయ్యకు కూడా అప్పటిదాకా తెలియదు. మా మేనల్లుడు వాళ్ళ నాన్న చేతులకేసి చూస్తూ ఉండిపోయాడు.

“అయితే ఒకటి చెబుతాను వినరా,” అన్నారు బావగారు. “బండి వెనకభాగం జారితే ముందు నడుముకు తెలుస్తుంది. ఈ కుర్చీలో కూర్చుంటే నడుముకు ఏమీ తెలియటంలేదు. ఇది చెప్పేది నిజమే, కాని సగం నిజం. ఇంకో సంగతి. ఆటలో గుద్దుకుంటే మీట నొక్కి మళ్ళీ మొదలుపెడతావు. రోడ్డుమీద ఆ మీట లేదు.”

ఇక తీర్పు

పిల్లలూ, మా తీర్పు ఇది. చవకరకం ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ చక్రం గొంతు చిన్నది. కాస్త చప్పుడు చేస్తుంది. నడిమధ్య కొంచెం తడబడుతుంది. కాని చెప్పేది నిజం. వైబ్రేషన్ చక్రం చూపులకు బాగుంటుంది, నిజం చెప్పదు. చిన్నగొంతుతో నిజం చెప్పేదానికి డబ్బు పెట్టవచ్చు.

అంత డబ్బు లేకపోతే? విచారించకండి. బొటనవేళ్ళతో కదిపే పుల్లలున్న గేమ్‌పాడ్ చాలా తక్కువకు వస్తుంది. “ఒక్క రవ్వ” తిప్పటం దానికి చేతనవును. సరైన చక్రం కొనేదాకా అది చాలు.

పెద్దలకు రెండు మాటలు. చక్రం మీ కంప్యూటరుకో, ఆటపెట్టెకో సరిపోతుందో లేదో కొనకముందే అడగండి. ఉదాహరణకు జి29 ప్లేస్టేషన్‌కు పనికివస్తుంది, ఎక్స్‌బాక్స్‌కు పనికిరాదు. దానికి జి920 అని వేరే ఉన్నది. వాడిన చక్రం కొనేటప్పుడు ఆ కొసనుంచి ఈ కొసదాకా తిప్పి, పెడళ్ళు తొక్కి, అడాప్టరు ఉన్నదో లేదో చూసి మరీ తీసుకోండి.

ఇంతకూ మా మేనల్లుడు ఏం చేశాడని అడుగుతారు. వాడు డబ్బా మూత తియ్యలేదు. ఇంకో ఏడాది దాస్తానన్నాడు. మిగిలిన డబ్బు తానిస్తానని మా బావగారు అనలేదు. కాని, నేను తిరుగు ప్రయాణమయ్యేసరికి ఆయన పెరట్లో పాత బెంచీ ఒకటి పడేసి, టేపు పెట్టి కొలుస్తున్నారు.

“ఏమిటి బావగారూ?” అన్నాను.

“ఆ బల్ల ఊగుతున్నది. ఊగే బల్లమీద ఎంత మంచి చక్రం పెట్టినా చేతికి ఏం తెలుస్తుంది? ముందు గట్టి బల్ల ఉండాలి,” అన్నారాయన.

మీరు మటుకు ఈలోగా సైకిలు సీటు పట్టుకుని ముందుకు తోసి, వెనక్కు లాగి చూడండి. దానికి డబ్బాలో డబ్బు తియ్యనక్కరలేదు. వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.